ఒక యువకుడు అతివాద గుంపులోకి జారిన తీరు, బయటికి వచ్చిన తీరు: కేస్ స్టడీ

మా కౌన్సెలింగ్ టీమ్ దగ్గరికి వచ్చిన ఒక యువకుడి కేసు ఇది. అతను నమ్మిన వాదం ఏమిటో నేను రాయడం లేదు. మతమా, జాతా, భాషా, రాజకీయమా అన్నది కావాలనే వదిలేశాను. అతన్ని ఎవరూ గుర్తుపట్టకూడదన్నది ఒక కారణం. వాదం పేరు చెప్పగానే చదివేవాళ్లలో కొందరు "వాళ్లంతే" అంటారు, ఇంకొందరు "మావాళ్లు అలాంటివాళ్లు కాదు" అంటారు. ఆ రెండు మాటల్లో ఏది మనసులో పెట్టుకుని చదివినా ఈ కేసు అర్థం కాదన్నది రెండో కారణం. ఉద్యోగం, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. అతను చదివి సరేనన్నాకే దీన్ని బయటపెడుతున్నాను.

నేపథ్యం

అతనికి 22 ఏళ్లు. నెమ్మదస్తుడు. చదువు అంతంతమాత్రం, కంప్యూటర్ పనిలో మాత్రం చురుకు. ఇంట్లో కొట్టుకోవడాలు, తిట్టుకోవడాలు లేవు. మత్తు అలవాటు లేదు, మానసిక జబ్బు లేదు, తిండికి లోటు లేదు. అక్కతో చనువెక్కువ. ఇలాంటి కేసు వినగానే అందరూ పేదరికం కోసమో, చదువు లేకపోవడం కోసమో, మతిస్థిమితం తప్పడం కోసమో వెతుకుతారు. అతివాదిని చూడగానే పోల్చుకునే ఒక్క నమూనా అంటూ లేదని ఈ రంగంలో పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మా అనుభవమూ అదే.

మొదటి ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు ఆఫీసులో డబ్బు పోయింది. సూపర్‌వైజర్ అందరి ముందూ ఇతని బ్యాగు తీసుకుని టేబుల్ మీద బోర్లించాడు. ఇయర్‌ఫోన్లు, ఓ పాత టీషర్టు, అక్క ఇచ్చిన పెన్ను, మందుల చీటీ, అన్నీ బయటపడ్డాయి. ఆ చీటీని ఒకతను తీసి చదవబోయాడని ఇతను నాకు చాలాసార్లు చెప్పాడు. డబ్బు దొరకలేదు. తర్వాత అది లెక్కల్లో పొరపాటని తేలింది. అప్పటికే ఇతను మానేశాడు. తప్పు మాదేనని అక్కడ ఒక్కరూ అనలేదు. ఇంట్లోవాళ్లు "పోనీలే, ఇంకో ఉద్యోగం చూసుకో" అన్నారు. ఆ సూపర్‌వైజర్ ఇతని వర్గంవాడు కాదు. ఆ రోజుకి ఆ సంగతి ఇతనికి ముఖ్యం అనిపించనే లేదు.

ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక ఫిట్‌నెస్ గ్రూపులో చేరాడు. వర్కవుట్ వీడియోలు, జోకులు, అప్పుడప్పుడు రాజకీయం. అందులో ఒకసారి తనకు జరిగింది రాస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాత్రి మాత్రం ఒకతను విడిగా మెసేజ్ పెట్టాడు: "ఏం జరిగింది తమ్ముడూ, మొత్తం చెప్పు." ఇతను తెల్లవారే దాకా చెప్పాడు. అతను విన్నాడు. మర్నాడూ విన్నాడు. మూడు వారాల దాకా వాదం మాటే ఎత్తలేదు. ఆ చాట్ నేను తర్వాత చదివాను. వినడంలో అతనికున్న ఓపిక చూసి నాకు భయమేసింది. మా వృత్తిలో మేం చేయాల్సిన పనే అది.

తర్వాత అతని నుంచి ఒక్కటే ప్రశ్న వచ్చింది: "ఆ సూపర్‌వైజర్ ఎవరు?" అమెరికన్ సైకాలజిస్టు రాండీ బోరమ్ 2003లో అతివాదం వైపు సాగే ఈ నడకను నాలుగు మెట్లుగా చెప్పాడు. ఇది బాగాలేదు, ఇది అన్యాయం, దీనికి కారణం మీరే, మీరు చెడ్డవాళ్లు. మొదటి రెండు మెట్లూ ఇతను సొంతంగానే ఎక్కేశాడు, పైగా అవి నిజం కూడా. మూడు, నాలుగు మెట్లు ఎక్కించింది రాత్రి మెసేజ్ పెట్టిన ఆ "అన్న". ఒక మనిషి చేసిన తప్పు కాస్తా ఒక వర్గం మొత్తం స్వభావంగా మారిపోయింది.

చిన్న గ్రూపు

పెద్ద గ్రూపులోంచి ఏరిన పాతిక మందితో ఇంకో గ్రూపు ఉంది. ఇతన్ని అందులోకి తీసుకున్నారు. వీడియోలు ఎడిట్ చేసే పని ఇచ్చారు. ఆ పని ఇతనికి బాగా వచ్చు. చేసిన ప్రతి వీడియోకీ మెచ్చుకోలు. ఆఫీసులో దొంగ అనిపించుకున్నవాడు ఇక్కడ లేకపోతే జరగని మనిషి అయ్యాడు. తనకూ ఒక విలువ ఉందనిపించుకోవాలన్న ఆరాటమే చాలామందిని అతివాదం వైపు నడుపుతుందని సైకాలజిస్టు ఆరీ క్రుగ్లాన్‌స్కీ అంటాడు. ఆ ఆరాటం, దానికి దారి చూపే కథ, ఆ కథను నమ్మే మనుషులు, ఈ మూడూ కలవాలి. ఇతని విషయంలో మూడూ కొన్ని నెలల్లోనే కలిశాయి.

గ్రూపు కూడా ఉన్నచోట ఉండలేదు. మొదట్లో కోపంగా మాట్లాడేవాళ్లు ఉండేవాళ్లు, "అంత దాకా వద్దులే" అనేవాళ్లూ ఉండేవాళ్లు. వద్దన్నవాళ్లను వెటకారం చేస్తే వాళ్లు మెల్లగా తప్పుకున్నారు. మిగిలినవాళ్లలో పేరు రావాలంటే నిన్నటికంటే ఘాటుగా మాట్లాడాలి. సైకాలజిస్టులు సెర్జ్ మొస్కోవిసి, మరీసా జవల్లోని ఫ్రాన్స్ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగాన్ని 1969లో ప్రచురించారు. అప్పటి దేశాధ్యక్షుడు డిగాల్ మీద వాళ్లకు ముందే కాస్త మంచి అభిప్రాయం ఉంది, అమెరికన్ల మీద కాస్త చెడ్డ అభిప్రాయం ఉంది. కలిసి చర్చించుకున్నాక ఆ మంచి ఇంకా మంచయింది, చెడు ఇంకా చెడయింది. అక్కడ వాళ్లను రెచ్చగొట్టినవాళ్లు ఎవరూ లేరు. ఒకే వైపు మొగ్గినవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు, అంతే. ఇక ఈ పాతిక మందిలో రెచ్చగొట్టేవాడు కూడా ఉన్నాడు.

మా దగ్గరికి వచ్చినప్పుడు

అక్క తీసుకొచ్చింది. పాత స్నేహితులతో మాటల్లేవు, రాత్రంతా మెలకువ, ఇంట్లో ఎవరేమన్నా ఒకే తరహా జవాబు. అవన్నీ ఆమె ఓర్చుకుంది. తమ్ముడి కంప్యూటర్‌లో ఒక జాబితా కనబడ్డాక మాత్రం ఆగలేకపోయింది. ఎదుటి వర్గానికి చెందిన కొందరి పేర్లు, ఫొటోలు, ఇళ్ల అడ్రసులు. అందులో ఒకరు ఆమెతో కలిసి పనిచేసే మనిషి. "ఇదేంట్రా" అని అడిగితే "త్వరలో మీకే తెలుస్తుంది" అన్నాడట.

ఇలాంటప్పుడు కౌన్సెలింగ్ రెండో పని. ఎవరికైనా హాని జరిగే అవకాశం ఎంత అన్నది మొదటి పని. నేర మనస్తత్వాన్ని పరిశోధించే సైకాలజిస్టు రీడ్ మెలాయ్, ఆయన సహచరులు 2012లో ఎనిమిది రకాల హెచ్చరిక సూచనలు చెప్పారు. చేయబోయేదాన్ని మూడో మనిషి దగ్గర నోరుజారడం, ఒకే విషయం పట్టుకుని వేలాడడం, ఇక వేరే దారి లేదన్న భావన అందులోవే. నోరుజారడం, వేలాడడం ఇతనిలో ఉన్నాయి. ఆయుధం కోసం ప్రయత్నం, ఆ ఇళ్లు వెళ్లి చూసి రావడం, చివరి వీడ్కోలు మాటలు లేవు. జాబితా తయారుచేసింది ఇతను కాదు, దాన్ని పోస్టర్‌గా చేయమని ఇతనికి ఇచ్చారు. ఇతను దాడి చేస్తాడన్న భయం నాకు తక్కువే. ఆ జాబితా వేరేవాళ్ల చేతికి వెళుతుందన్న భయం ఎక్కువ.

ఎవరి ప్రాణానికైనా ముప్పుందని తెలిస్తే గోప్యత ఉండదని మొదటి రోజే చెప్తాం. ఇతనికీ చెప్పాం. కాబట్టి పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఎలా చెప్పాలన్నదే ప్రశ్న. వెనక నుంచి చెబితే ఇతను పారిపోడు, సాక్ష్యం చెరిపేయడు, పని సులువు. కానీ "బయటివాళ్లంతా గూఢచారులే" అని గ్రూపు ఇతనికి రోజూ చెబుతోంది. ఆ మాట నిజమని మేమే రుజువు చేసినవాళ్లమవుతాం. స్క్రీన్‌షాట్లు అప్పటికే అక్క దగ్గర భద్రంగా ఉన్నాయి, చెరిపేస్తాడన్న భయం లేదు. అందుకే ముందు ఇతనికే చెప్పాం: "సాయంత్రంలోగా ఇది పోలీసులకు చేరుతుంది. లాయర్‌ని పెట్టుకుని నువ్వే ఇస్తే నీకు మంచిది. నువ్వు ఇవ్వకపోతే మేం ఇస్తాం."

కుర్చీ తన్నేసి వెళ్లిపోయాడు. అక్క, లాయర్ కలిసి ఇచ్చారు. జాబితాలో ఉన్నవాళ్లకు పోలీసులు సమాచారం ఇచ్చారు. ఇతన్ని పిలిచి విచారించారు గానీ కేసు పెట్టలేదు.

అంతకుముందు చేసినవి, పనిచేయనివి

మా దగ్గరికి రాకముందు ఇంట్లోవాళ్లు చేతనైనవన్నీ చేశారు. తండ్రి ఫోన్ లాక్కున్నాడు. ఇతను ఇంకో ఫోన్ సంపాదించాడు. గ్రూపులో ఆ సంగతి చెప్పగానే "చూశావా, నీ ఇంట్లోవాళ్లే నీకు అడ్డుపడతారని చెప్పాం కదా" అన్నారు. ఇంట్లోవాళ్లు ఏమంటారో, ఏం చేస్తారో గ్రూపు ముందే చెప్పి ఉంచుతుంది. అది అలాగే జరిగితే గ్రూపు మాట మీద నమ్మకం పెరుగుతుంది. స్వేచ్ఛ లాక్కుంటున్నారనిపిస్తే మనిషి వద్దన్నదాన్నే పట్టుకుంటాడని సైకాలజిస్టు జాక్ బ్రెమ్ 1966లోనే సిద్ధాంతం రాశాడు. పిల్లల్ని పెంచినవాళ్లకు అది రాయకముందే తెలుసు.

బంధువుల్లో చదువుకున్న ఒక పెద్దాయన రాత్రిళ్లు కూర్చుని వాదించాడు. ఇతను చెప్పే ప్రతి అబద్ధానికీ ఆధారాలు చూపించాడు. ఒక్క లెక్క తప్పని ఒప్పుకుంటే ఇతను ఇంకో లెక్క తీసేవాడు. తర్వాత ఆ వాదం లోతుపాతులు తెలిసిన పండితుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చాలా చక్కగా, ప్రేమగా మాట్లాడాడు. ఇతను తిరిగొచ్చి ఆ సంభాషణంతా గ్రూపులో పెట్టి, తను గెలిచినట్టు చెప్పుకున్నాడు. పొగడ్తలు వచ్చాయి. ఆ వారం ఇతను గ్రూపులో మరింత పెద్దవాడయ్యాడు. పండితుడు చెప్పింది తప్పు కాదు. కానీ ఇతను అక్కడికి ఒక సందేహంతో వెళ్లలేదు. సందేహం లేనివాడికి జవాబు ఎంత మంచిదైనా దూరడానికి సందు ఉండదు.

మేం మొదట్లో ఒక మాజీ సభ్యుణ్ణి పరిచయం చేశాం. ఇలాంటి గుంపులోనే ఉండి బయటికొచ్చిన మనిషి. 1990ల చివర నార్వే, స్వీడన్‌లలో, 2000లో జర్మనీలో, అతివాద గుంపులు వదిలేవాళ్లకు సాయపడడానికి మొదలైన ఎగ్జిట్ కార్యక్రమాల్లో ఇలాంటి మాజీలు చాలా ఉపయోగపడ్డారు. ఇక్కడ అది పనిచేయలేదు. ఇతను ఆయన్ని ద్రోహి అన్నాడు, లేచి వెళ్లిపోయాడు. అదే మనిషి ఏడు నెలల తర్వాత ఇతనికి అందరికంటే దగ్గరయ్యాడు.

పనిచేసినవి

పోలీసుల సంగతి జరిగాక ఇతను కొన్ని వారాలు రాలేదు. ఆ సమయంలో మేం అక్కతో, తల్లిదండ్రులతో పనిచేశాం. ఇంట్లో ఆ విషయం మీద వాదన పూర్తిగా ఆపాలన్నది మొదటి షరతు. తండ్రికి ఇది మింగుడుపడలేదు. "మాట్లాడకుండా ఉంటే ఒప్పుకున్నట్టే కదా మేడమ్" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కసారి, ఒక్క వాక్యంలో "నువ్వు ఆ మనుషుల గురించి అనేది నాకు నచ్చదు" అని చెప్పి, అక్కడితో ఆపి, మిగతా రోజంతా కొడుకుతో కొడుకుగా ఉండమన్నాం. ఇంట్లో తలుపు తెరిచి ఉంటేనే గ్రూపు బయటికి గెంటినప్పుడో, ఇతనికే విసుగొచ్చినప్పుడో వెళ్లడానికి ఒక చోటుంటుంది. జర్మనీలో హయాత్ అనే కార్యక్రమం ముఖ్యంగా కుటుంబాలతో పనిచేసేది ఈ ఆలోచనతోనే.

తిరిగొచ్చిన రోజు ఇతను అడిగిన మొదటి మాట, "ముందే నాకెందుకు చెప్పారు?" నేను కారణం చెప్పాను. "వాళ్లయితే చెప్పేవాళ్లు కాదు" అన్నాడు. ఎవరి గురించి అంటున్నాడో నేను అడగలేదు.

ఇక్కడ ఒక పెద్ద నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. అభిప్రాయం మార్చాలా, ముందు గుంపు నుంచి విడదీయాలా? ఈ రంగంలో పరిశోధకులు క్లార్క్ మెకాలీ, సోఫియా మొస్కలెంకో అభిప్రాయాన్నీ చర్యనూ రెండు వేర్వేరు పిరమిడ్లుగా చూడమంటారు. తీవ్రమైన అభిప్రాయం ఉన్నవాళ్లలో చాలామంది ఎన్నడూ ఏమీ చేయరు. హింసలో ఉన్నవాళ్లలో కొందరికి వాదం మీద పెద్ద పట్టింపే ఉండదు, స్నేహితుడి కోసమో, ప్రతీకారం కోసమో వెళ్తారు. గుంపు నుంచి దూరం జరగడం వేరు, మనసు మారడం వేరని ఇంకో పరిశోధకుడు జాన్ హోర్గన్ కూడా గట్టిగా చెబుతాడు. మాకు అదే సరైనదనిపించింది. అభిప్రాయాలను పక్కన పెట్టాం. గ్రూపు ఇతనికి ఏమేం ఇస్తోందో చూసి, అవి ఇంకోచోట దొరికేలా చేయడం మీద పడ్డాం.

ఇతని బాధను మొదట విన్నది గ్రూపే. అందుకే బ్యాగు సంగతి మళ్లీ తీశాం. దీని మీద మా టీమ్‌లోనే అభ్యంతరం వచ్చింది. ఆ అన్యాయాన్ని ఒప్పుకుంటే ఆ వాదానికి బలం ఇచ్చినట్టవుతుందేమోనని ఒక సహోద్యోగి భయం. నా వాదన వేరు. ఆ అన్యాయం జరిగిన మాట నిజం. ఆ నిజాన్ని ఇంట్లోవాళ్లు "పోనీలే" అన్నారు, ఆఫీసు మర్చిపోయింది, ఒక్క గ్రూపే గుర్తుపెట్టుకుంది. నిజం మన దగ్గర లేకుండా చేసుకుని, అది పట్టుకున్నవాళ్లను అబద్ధాలకోరులంటే ఇతను ఎవర్ని నమ్ముతాడు? లాయర్ సాయంతో ఆ సంస్థకు ఫిర్యాదు రాయించాం. సూపర్‌వైజర్ వర్గం ప్రస్తావన అందులో ఉండకూడదని నేను చెప్పలేదు. ఇతనే ఒక చిత్తుప్రతిలో రాసి, తర్వాతి దాంట్లో కొట్టేశాడు. "దానికీ దీనికీ ఏం సంబంధం, బ్యాగు వెతికింది అతనొక్కడే కదా" అన్నాడు. నెలల తరబడి తిరిగాక, ఆరోపణ తప్పని ఒప్పుకుంటూ రెండు పేరాల ఉత్తరం వచ్చింది. చెప్పుకోదగ్గ క్షమాపణేమీ కాదు. దాన్ని మాత్రం నాలుగు కాపీలు తీయించుకున్నాడు.

పని సంగతి కొంచెం సులువుగా తెమిలింది. ఇతని ఎడిటింగ్ నైపుణ్యం నిజమైనది. దానికి పని ఇవ్వడానికి ఒక చిన్న స్టూడియో నడిపే మనిషి ఒప్పుకున్నాడు. గతం తెలిసే ఒప్పుకున్నాడు. డెన్మార్క్‌లో ఆర్హస్ నగరం పోలీసులు, నగరపాలక సంస్థ కలిసి ఇలాంటి యువకులకు మెంటర్లను పెడతారు. ఇక్కడ అంత ఏర్పాటు లేదు, ఒక మనిషి మంచితనం మీద నడిచింది. అదృష్టం మీద ఆధారపడిన భాగం ఈ కేసులో ఇదే.

గ్రూపుతో బంధం తెగింది మాత్రం మేం చేసిన పని వల్ల కాదు. అందులో 17 ఏళ్ల కుర్రాడొకడు ఉండేవాడు. అతను భయపడి తప్పుకుంటానన్నాడు. వాళ్లు అతని సొంత ఫొటోలు, ఎప్పుడో నమ్మి చెప్పుకున్న ఇంటి రహస్యాలు బయటపెట్టాలనుకున్నారు. వాటితో వీడియో చేయమని ఇతనికే చెప్పారు. ఇతను ఫైళ్లు తెరిచాడు. అందులో ఆ కుర్రాడు రాత్రిపూట ఆ "అన్న"తో చెప్పుకున్న మాటల స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. మొదటి మెసేజ్ అచ్చం ఇతనికి వచ్చినదే: "ఏం జరిగింది తమ్ముడూ, మొత్తం చెప్పు."

మర్నాడు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఇప్పుడైనా తెలిసిందా అనడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదనిపిస్తుంది. అది అనకూడదు. ఆ మాటతో ఇతను తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు, ఆ కుర్రాడి సంగతి పక్కకు పోతుంది. తాగుడు అలవాటున్నవాళ్లతో పనిచేస్తూ సైకాలజిస్టు విలియం మిల్లర్, తర్వాత ఆయనతో స్టీఫెన్ రోల్నిక్ తయారుచేసిన పద్ధతిలో మారాల్సిన కారణం రోగి నోటినుంచే రావాలి. అందుకే మూడే అడిగాను. ఈ వీడియో చేస్తే ఆ అబ్బాయికి ఏమవుతుంది? చేయకపోతే నీకేమవుతుంది? నీ చాట్‌లు వాళ్ల దగ్గర ఎన్ని ఉన్నాయి? మూడోదానికి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది అన్యాయం కదా మేడమ్. మా వాదంలో కూడా ఇది అన్యాయమే" అన్నాడు.

ఇలాంటి గుంపుల నుంచి బయటికొచ్చినవాళ్లలో చాలామంది మొదట విసిగేది మనుషులతో, వాదంతో కాదు. నార్వే పరిశోధకుడు టోరె బ్యోర్గో చేసిన పరిశోధనలోనూ గుంపులో ద్రోహం, నమ్మకం పోవడం, అలసట ముఖ్యమైన కారణాలుగా కనిపిస్తాయి. ఆ విసుగు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. వచ్చిన రోజున ఆ మనిషి ఎవరి దగ్గరికి వెళ్లగలడన్నది మాత్రం మన చేతిలో ఉంది.

బయటికి రావడం ఒక్కరోజులో చేయించలేదు. ప్రకటన చేసి బయటికొస్తే ఆ కుర్రాడికి జరిగిందే ఇతనికీ జరుగుతుంది. ఉద్యోగంలో పని ఎక్కువైందని చెప్పించి మెల్లగా తగ్గించాం. ఆ ఫైళ్లు లాయర్ ద్వారా పోలీసులకు ఇచ్చాడు, ఈసారి తనే వెళ్లి. అప్పుడు మాజీ సభ్యుణ్ణి మళ్లీ పిలిచాం. రాత్రిళ్లు ఒంటరితనం ఎలా ఉంటుందో, ఆ మెచ్చుకోళ్లు లేకుండా రోజు ఎలా గడుస్తుందో ఆయనకు తెలుసు. ఆ విషయంలో నా చదువు అంతగా ఉపయోగపడదు.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

కొత్త కేసు వస్తే ఇప్పుడు వాదం గురించి చదవడం కంటే ముందు, ఆ మనిషి ఎవరి చేత, ఎప్పుడు, ఏ విషయంలో అవమానపడ్డాడో అడుగుతాం. ఆ అవమానం నిజమైతే దాన్ని వాదం నుంచి విడదీసి, దానికి న్యాయమైన దారి ఉందా అని చూస్తాం. కుటుంబం వస్తే వాదనలకు సిద్ధం చేయడం మానేశాం, వాదన ఆపడం నేర్పుతున్నాం. గ్రూపులో ఆ మనిషి చేస్తున్న పని ఏమిటని తప్పకుండా అడుగుతాం, ఎందుకంటే బయట అతనికి కావలసిన పని ఏమిటో అందులోనే తెలుస్తుంది. మాజీలను తొందరపడి పిలవం. ముప్పు ఉన్నప్పుడు మాత్రం వీటిలో ఏదీ పోలీసులకు చెప్పడాన్ని ఆలస్యం చేయదు.

ఇలాంటి కుర్రాళ్ల కోసం రాత్రి మెలకువగా ఉండి మెసేజ్‌కు జవాబిచ్చే ఏర్పాటు మా దగ్గర లేదు. ఆ గుంపుల దగ్గర ఉంది. ఈ తేడా నన్ను రోజూ ఇబ్బంది పెడుతూనే ఉంది. ప్రస్తుతానికి ముగ్గురు వాలంటీర్లకు శిక్షణ ఇస్తున్నాం.

ఇతని అభిప్రాయాలన్నీ మారలేదు. ఎదుటి వర్గం గురించి కొన్ని మాటలు ఇప్పటికీ అంటాడు, నేను ఒప్పుకోనని చెప్తాను, ఇద్దరం మాట్లాడుకుంటాం. ఇప్పుడు అది మామూలు వాదన. ఎక్కడైనా ఇరు వర్గాల మధ్య గొడవ జరిగినట్టు వార్త వస్తే మళ్లీ అటు లాగుతుందని తనే చెప్పాడు. అలాంటి రోజుల్లో వీడియోలు తెరవకముందే అక్కకో, ఆ మాజీ సభ్యుడికో ఫోన్ చేయాలని ఒప్పందం. ఒకసారి అలాంటి వార్త వచ్చింది. ఇతను ఫోన్ చేశాడు, మర్నాడు పనికి వెళ్లాడు. సెషన్లు ఇప్పుడు నెలకోసారి ఉంటున్నాయి.